ఉపాధి పరీక్ష: ఒక ఆటయంత్రపు వృత్తాంతం

గౌతమ మహర్షి న్యాయదర్శనంలో పరిగణించిన 16 పదార్థాలలో సంశయానిది మూడవ స్థానం, నిర్ణయానిది తొమ్మిదవ స్థానం. ఈ రెండింటి నడుమ ప్రయోజనం, దృష్టాంతం, సిద్ధాంతం, అవయవం, తర్కం అనే 5 సోపానాలు ఉన్నవి. సంశయాన్ని పదార్థాలలో చేర్చడమే ఒక విశేషం. సందేహించడం దోషమని మన పూర్వులు తలచలేదు. సందేహం లేనిదే విచారణ లేదు. విచారణ లేనిదే తత్త్వనిశ్చయం లేదు. లోకంలో కనబడే దోషమల్లా మూడవ మెట్టు మీద నిలిచి తొమ్మిదవ మెట్టుకు ఒక్క గంతున దూకడమే. "ఎందుకిలా జరిగింది?" అన్న ప్రశ్న పుట్టిన మరుక్షణమే "ఫలానావాడి వల్ల" అన్న సమాధానం నాలుక మీద సిద్ధంగా ఉంటుంది.

ఈ విషయాన్ని నిరూపించడానికి నేడు గ్రహిస్తున్న దృష్టాంతం గేమ్ కన్సోల్, అనగా పిల్లలు టీవీకి తగిలించి ఆడుకునే ఆటయంత్రం. దానికి మా ఇంటి వైఫై అందకపోయిన వృత్తాంతం ఇది. సత్సంగ మిత్రులకు ఇది విచిత్రంగా తోచవచ్చు. కాని తర్కశాస్త్రంలో కుండ, వస్త్రం, వంటయింటి పొగ దృష్టాంతాలైనప్పుడు నేటి గృహంలోని వస్తువు దృష్టాంతం కావడంలో అనౌచిత్యం లేదు.

ఒక మాట ముందుగానే విన్నవించాలి. వైశేషికులు ఆకాశాన్ని శబ్దగుణకమన్నారు కనుక నిస్తంత్రి ప్రసారం మన ఋషులకు ఏనాడో తెలుసునని చెప్పేవారు ఉన్నారు. నేను ఆ మాట చెప్పబోవడం లేదు. విద్యుదయస్కాంత తరంగాల విజ్ఞానం ఆధునిక భౌతికశాస్త్రానిది. మన దేశంలో జగదీశ్ చంద్ర బోసు మహాశయుడు 19వ శతాబ్ది చివరి దశకంలో కలకత్తా నగరంలో ఆ అదృశ్య తరంగాలతో దూరాన ఉన్న గంటను మ్రోగించి సభాసదులకు చూపించాడు. ఎవరి కీర్తిని వారికి ఇవ్వడమే ధర్మం. మన శాస్త్రం మనకు ప్రసాదించినది యంత్రరహస్యం కాదు, పరీక్షాపద్ధతి. అది చాలా గొప్ప సంపద.

మా గ్రామం పాల్వంచకూ భద్రాచలానికీ నడుమ, కిన్నెరసాని అభయారణ్యపు అంచున ఉన్నది. 2016 అక్టోబరు 11 వరకు మాది ఖమ్మం జిల్లా. ఆనాటి నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరి పొలిమేర దాటితే టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి. మా నివాసం పితామహుల నాటి పెంకుటిల్లు. మూరెడు మందం గల మట్టిగోడలు. ఫైబర్ తీగ స్తంభాల మీదుగా వచ్చి వీధి అరుగు గదిలోని రూటరు పెట్టెలో చేరుతుంది. ఆటయంత్రం రెండు గోడల ఇవతల, పడమటి గదిలో ఉన్నది.

నాకు ఇద్దరు కుమారులు. పెద్దవాడు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చిన్నవాడు ఇంటర్మీడియట్ విద్యార్థి. వారి తల్లి పరమపదించి మూడు సంవత్సరాలు. ఫోనులో అన్నదమ్ముల సంభాషణ "భోజనమైందా, పరీక్షలు ఎప్పుడు" అన్న రెండు వాక్యాలతో ముగిసేది. కాని ప్రతి ఆదివారం రాత్రి 8:30 గంటలకు, అక్కడ ఉదయం 11 గంటలకు, ఇద్దరూ తమ తమ యంత్రాల ముందు కూర్చుని జాలం ద్వారా ఫుట్‌బాల్ ఆడేవారు. చెవికి యంత్రం తగిలించుకుని ఆడుతూ మాట్లాడుకునేవారు. ఫోనులో నోట రాని మాటలు ఆటలో అప్రయత్నంగా వచ్చేవి. అమ్మ చేసిన పులిహోర, చిన్ననాటి గోదావరి స్నానాలు, అన్నగారి ఆఫీసు కష్టాలు, తమ్ముడి లెక్కల భయం, అన్నీ ఆ గంటలోనే దొర్లేవి. ఏకాంతసేవ ముగించి దేవాలయం నుండి ఇంటికి వచ్చేసరికి పడమటి గది నుండి నవ్వు వినిపించేది. గృహిణి లేని ఇంటిలో ఆ ధ్వని విలువ ఎంతటిదో అనుభవించినవారికి తెలుస్తుంది.

గత శ్రావణమాసంలో ఆ సంబంధం తెగడం ఆరంభమైంది. తెగడంలో ఒక విచిత్రం ఉన్నది. పలకరింపులు సాగేవి, జట్ల ఎంపిక సాగేది, ఆట మొదలై నాలుగైదు నిమిషాలు గడిచేసరికి చిన్నవాడు అన్నగారి తెర మీద నుండి అదృశ్యమయ్యేవాడు. మరల వచ్చేవాడు, మరల తెగేది. పెద్దవాడు సాంకేతిక నిపుణుడు కనుక యంత్రంలోనే ఉన్న జాలపరీక్షను చేసి దాని ఫోటో పంపమన్నాడు. చిన్నవాడు పంపాడు. అందులో అన్నీ సవ్యంగా ఉన్నవి.

అక్కడి నుండి వ్యవహారం యంత్రాన్ని దాటి మనస్సులలోకి ప్రవేశించింది. "పరీక్షలో అన్నీ సరిగానే ఉన్నాయి నాన్నగారూ. ఓడిపోతున్నప్పుడల్లా వాడే తీసేస్తున్నాడు. నాతో ఆడటం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పవచ్చు కదా" అన్నాడు పెద్దవాడు. "నేను తీయలేదని చెబితే అన్నయ్య నమ్మడం లేదు. నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్న మనిషితో నాకేమి ఆట?" అన్నాడు చిన్నవాడు. మూడు ఆదివారాలు పడమటి గదిలో దీపం వెలగలేదు.

అభిప్రాయాలు మాత్రం కొల్లలుగా వచ్చినవి. జాలసేవ సంస్థ నుండి వచ్చిన యువకుడు ఫైబర్ సవ్యంగా ఉన్నదనీ, దోషం యంత్రానిదేననీ చెప్పాడు. యంత్రాలు బాగుచేసేవారు రూటరే కారణమన్నారు. వానకు తడిసిన తీగ అని ఒకరు, కోతులు కొరికి ఉంటాయని ఒకరు, దృష్టిదోషం కనుక నిమ్మకాయ కట్టమని ఒకరు సెలవిచ్చారు. వీరెవరూ దుర్బుద్ధితో చెప్పినవారు కారు. ప్రతివారూ తాము ఎరిగిన కారణాన్నే కార్యానికి అంటగట్టారు.

శ్రావణమాసంలో మా ఇంట మూడు సంగతులు ఒకే పక్షంలో జరిగినవి. వర్షాలు ముమ్మరమైనవి. పాత రూటరు స్థానంలో కొత్తది వచ్చింది. యంత్రంలో ఆటలకు స్థలం చాలక చిన్నవాడు తాను కూడబెట్టుకున్న రూపాయలతో ఒక హార్డ్ డిస్క్ కొని దానికి తగిలించాడు. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలినంత మాత్రాన కాకి పండును రాల్చిందని చెప్పలేము. దానినే కాకతాళీయ న్యాయమంటారు. ముందు జరిగినదంతా కారణం కాదు. కాని ముందు జరిగిన వాటిలోనే కారణం ఉండవచ్చు కూడా. ఏది కారణమో, ఏది కేవల సహచరమో విడదీయడానికి మన శాస్త్రం ఇచ్చిన సాధనం అన్వయవ్యతిరేకం: అది ఉన్నచోట కార్యం ఉండాలి, అది లేనిచోట కార్యం ఉండకూడదు. రెండూ సిద్ధించాలి.

ఒక మధ్యాహ్నం చిన్నవాడిని పిలిచి, పాత పంచాంగం చివరి ఖాళీ పుటను ముందు పెట్టి, "నాయనా, ఎవరి మీదా నేరం మోపకుండా ఒక్కొక్కటే మార్చి చూద్దాము. ఒకేసారి రెండు మార్చవద్దు. చూచినది చూచినట్లు వ్రాయి" అన్నాను. వాడు అయిష్టంగానే కలం పట్టుకున్నాడు.

మొదటి పరీక్ష: ఫైబర్ పెట్టె మీది దీపాలు. బయటి కాంతి రాకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. అది వెలగడం లేదు. అదే వైఫై మీద ఫోనులో పడమటి గదిలోనే దృశ్యాలు నిరాటంకంగా సాగినవి. కనుక తీగకు, వానకు, కోతులకు నిర్దోషిత్వం సిద్ధించింది.

రెండవ పరీక్ష: యంత్రాన్ని పూర్తిగా ఆపి తిరిగి వెలిగించడం, వైఫై వివరాలు తొలగించి మరల నమోదు చేయడం. ఫలితంలో మార్పు లేదు. ఆట ఆరంభం కాగానే తెగింది.

మూడవ పరీక్ష: పక్కింటి నుండి తెచ్చిన పొడవైన లాన్ తీగతో యంత్రాన్ని నేరుగా రూటరుకు కలపడం. గంటసేపు తెగలేదు. ఈ ఒక్క పరీక్షతో ఆట నడిపే దూరదేశపు సర్వర్లు, యంత్రపు ఖాతా, జాలసేవ, అన్నీ శంక నుండి విముక్తమైనవి. దోషం ఎక్కడ ఉన్నదో తెలియకపోయినా ఎక్కడ లేదో తెలియడం జ్ఞానమే. మిగిలినది రూటరుకూ యంత్రానికీ నడుమ ఉన్న తరంగమార్గం మాత్రమే.

నాలుగవ పరీక్ష చిన్నవాడి ఆలోచన. ఫోనులో హాట్‌స్పాట్ వెలిగించి యంత్రం పక్కనే పెట్టాడు. ఆట తెగలేదు. "చూశారా నాన్నగారూ! ఇదీ వైఫైయే. రూటరుతో తెగుతున్నది, ఫోనుతో తెగడం లేదు. కొత్త రూటరుదే తప్పు" అన్నాడు. వినడానికి ఇది పరిపూర్ణమైన అన్వయవ్యతిరేకం. బాగుచేసేవారి మాటా ఇదే.

ఇక్కడే ఆగి ఆలోచించవలసినది ఉన్నది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది వ్యాప్తి. దానిని తిరగవేసి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని అనలేము. బాగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. మరి వంటయింటి నిప్పులో పొగ ఎందుకు? తడికట్టె వల్ల. నిప్పుకూ పొగకూ నడుమ గుట్టుగా దాగి, నిప్పే కారణమన్న భ్రమను కలిగించే ఆ తడికట్టెను తార్కికులు ఉపాధి అన్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో బాలురకు బోధించిన పాఠమే ఇది. హేతువు సక్రమంగా కనిపించినప్పుడే ఉపాధి కోసం మరింత జాగరూకతతో వెదకాలి.

ఫోనుకూ రూటరుకూ భేదం ఒక్కటే కాదు, రెండు. ఫోను యంత్రం పక్కన ఉన్నది. రూటరు రెండు మట్టిగోడల అవతల ఉన్నది. సామీప్యం ఇక్కడ ఉపాధి కాకూడదా? అందుకని ఐదవ పరీక్షగా యంత్రాన్ని, దానికి తగిలించిన సామగ్రితో సహా, వీధి గదిలో రూటరు పక్కన పెట్టాము. తీగ లేకుండానే ఆట నిరంతరాయంగా సాగింది. రూటరు కూడా నిర్దోషి.

అయితే దూరమే కారణమా? రూటరు మారకముందు కూడా అంతే దూరం, అవే గోడలు. పైగా ఫోనుకు అదే గదిలో అదే తరంగం చాలుతున్నది. కనుక దూరం ఒక్కటే చాలదు. దూరంతో కలిసి పనిచేసే మరొకటి ఉండాలి. చిన్నవాడు కలం ఆపి పుటను మొదటి నుండి చదివాడు. తరువాత మెల్లగా అన్నాడు: "ఆట మొదలయ్యేదాకా తెగదు. మొదలయ్యాక తెగుతుంది. మొదలైనప్పుడు హార్డ్ డిస్క్ తిరుగుతుంది."

ఆరవ పరీక్ష అతని చేతనే జరిగింది. యంత్రాన్ని పాత స్థానంలో ఉంచి, డిస్క్‌ను తొలగించి, యంత్రపు అంతర స్మృతిలో ఉన్న వేరొక ఆటను పెట్టాడు. గంటసేపు తెగలేదు. డిస్క్‌ను తగిలించి ఊరకే ఉంచాడు, తెగలేదు. డిస్క్‌లోకి ఒక పెద్ద దస్త్రాన్ని నకలు చేయడం ఆరంభించగానే రెండు నిమిషాలలో తెగింది. ఆపగానే కలిసింది. మూడు పర్యాయాలు చేశాడు; మూడు పర్యాయాలూ అదే ఫలితం. ఇప్పుడు అన్వయమూ సిద్ధించింది, వ్యతిరేకమూ సిద్ధించింది.

దీనికి భౌతికమైన హేతువు ఉన్నది. వైఫై ప్రధానంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్య శ్రేణులలో ప్రసరిస్తుంది. మొదటి దాని తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. గోడలను ఇది రెండవదాని కంటే మెరుగుగా దాటుతుంది. మా మట్టిగోడల వెనుక యంత్రానికి అందినది ఇదొక్కటే. హార్డ్ డిస్క్ తగిలించే తీగ యూఎస్‌బీ 3.0 రకానిది. దాని గుండా సమాచారం క్షణానికి 500 కోట్ల సంకేతాల వరకు వేగంతో పరుగెత్తేటప్పుడు చుట్టూ ఒక విద్యుత్ రొద వెలువడుతుంది. అందులో కొంత సరిగా 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలోనే పడుతుంది. 2012లో ఇంటెల్ సంస్థవారు ఒక సాంకేతిక పత్రంలో ఈ సంగతిని వివరించారు.

దేవాలయ భాషలో చెప్పాలంటే, గర్భాలయంలో మంత్రం మెల్లగా వినిపిస్తున్నది. డోలు వాయించేవాడి పక్కన కూర్చున్న భక్తునికి అది వినబడదు. మంత్రం చదివేవాడి కంఠంలో దోషం లేదు, భక్తుని చెవిలో దోషం లేదు. గర్భాలయ ద్వారం దగ్గర కూర్చుంటే డోలు మ్రోగినా మంత్రం వినబడుతుంది. రూటరు పక్కన జరిగినది అదే. డోలు ఆగితే దూరాన ఉన్నా వినబడుతుంది. డిస్క్ తీసినప్పుడు జరిగినది అదే. పెద్దవాడు కోరిన జాలపరీక్ష ఆట లేని వేళ, డోలు నిశ్శబ్దంగా ఉన్న వేళ జరిగింది. అందుకే అది సవ్యమని చెప్పింది. ఆ పరీక్ష అసత్యం పలకలేదు. దానిని అడిగిన కాలం వేరు.

ప్రతిక్రియ సులభమైనది. యంత్రం నెత్తిన ఉన్న డిస్క్‌ను, విద్యుత్ కవచం గల పొడవు తీగతో, మూడు మూరల దూరంలో నేలకు దించాము. అంతరాయం తొలగింది. దీపావళి తరువాత లాన్ తీగను పెంకుల కింది వాసం వెంబడి శాశ్వతంగా వేయించాము.

కాని తీగ కంటే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలింది. చిన్నవాడు ఆ పంచాంగపు పుటను ఫోటో తీసి, ఒక్క మాటా చేర్చకుండా అన్నగారికి పంపాడు. అరగంటలో అమెరికా నుండి ఫోను వచ్చింది, అక్కడ వేకువజాము అయినా. పడమటి గది తలుపు మూసి ఉన్నది. వారేమి మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆ ఆదివారం గదిలో దీపం వెలిగింది.

శ్రీమద్రామాయణంలో అయోధ్యాకాండ పారాయణ చేసేటప్పుడు ఇటీవల నా మనస్సు ఒక ఘట్టం దగ్గర నిలుస్తున్నది. భరతుడు రాముని వెదుకుతూ చతురంగబలాలతో బయలుదేరాడు. కోవిదార ధ్వజాన్ని గంగాతీరంలో గుహుడు చూచాడు. చిత్రకూటంలో చెట్టెక్కిన లక్ష్మణస్వామి చూచాడు. ఇద్దరికీ హేతువు ఒక్కటే: సైన్యం వస్తున్నది, ధ్వజం భరతునిది. ఇద్దరికీ పుట్టిన సంశయం ఒక్కటే: రామునికి ద్రోహం తలపెట్టాడా? వారు చూచినది సత్యం. సైన్యం నిజంగానే వచ్చింది. కాని సైన్యం వెంట ద్రోహం ఉండి తీరాలన్న వ్యాప్తి లేదు. సైన్యంతో వచ్చినది అన్నగారి పాదాల మీద పడవలసిన తమ్ముడు.

లక్ష్మణస్వామి రామప్రేమ చేత నేరుగా నిర్ణయానికి వెళ్ళాడు. శ్రీరాముడు తమ్ముని స్వభావాన్ని ఎరిగినవాడు కనుక వారించాడు. అరణ్యవాసియైన గుహుడు వేరొక మార్గం అవలంబించాడు. 500 నావలను యోధులతో సిద్ధంగా నిలిపాడు. కాని బాణం వేయలేదు. మధువు మొదలైన కానుకలు చేతబట్టి తానే ఎదురు వెళ్ళి, నీ మనస్సులో ఏమున్నదని భరతునే అడిగాడు. సమాధానం విన్నాడు, కంటితో చూచాడు, తృప్తి పొందాడు. యుద్ధానికి నిలిపిన నావలే మరునాడు భరతుని ఆవలి ఒడ్డుకు చేర్చినవి. సంశయాన్ని అణచుకోలేదు, సంశయానికి దాసుడూ కాలేదు, పరీక్షించాడు. గౌతముడు మూడవ మెట్టుకూ తొమ్మిదవ మెట్టుకూ నడుమ ఎందుకు ఎడం పెట్టాడో ఆ నిషాదరాజు నడిచి చూపించాడు.

మిత్రులారా, నేడు మన బంధుత్వాలు అనేకం తీగల మీద, తరంగాల మీద ఆధారపడి ఉన్నవి. పిలిస్తే పలకని ఫోను, చూచినా సమాధానం రాని సందేశం, సగంలో తెగిన మాట, ఇవన్నీ మనకు ఎదుటివాని మనస్సుకు హేతువులుగా కనబడతాయి. అవి హేతువులు కావచ్చు, హేత్వాభాసలు కావచ్చు. మనిషి హృదయానికి దోషం అంటగట్టే ముందు, నడుమ తడికట్టె ఏదైనా ఉన్నదేమో వెదకడం శాస్త్రం చదివినవారి కనీస కర్తవ్యం. ఒక్కొక్కటే మార్చండి, చూచినది చూచినట్లు వ్రాయండి, అనుకూలమైన ఫలితం రాగానే ఆగిపోక దానిలో ఉపాధిని వెదకండి, చివరకు గుహునివలె ఎదుటివానినే ప్రేమతో అడగండి. యంత్రం విషయంలో పొరబడితే కొన్ని వేల రూపాయలు పోతాయి. అన్నదమ్ముల విషయంలో పొరబడితే పోయేదానికి వెల కట్టేవారు లేరు.

భద్రగిరీశుడు అందరికీ సద్విచారణను అనుగ్రహించుగాక. స్వస్తి.